అమావాస్య రా. 8.06 వరకు

‘నాలుగో మగ్గం’ నాటకాన్ని పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఆడుతున్నారన్న కబురు విజయవాడలో ఒక వాట్సాప్ సందేశంగా బయల్దేరింది. అందులో తేదీ, హాలు పేరు, వేళ ఉన్నాయి. ఆదివారం, సాయంత్రం సరిగ్గా 6.30. ‘సరిగ్గా’ కింద గీత గీశారు. మర్నాడు సోమవారం రెండో ఆట. హాల్లో 640 కుర్చీలు. పాసుల కోసం ఇచ్చిన ఫోను నాలుగు రోజులు మోగింది. అయిదో రోజుకి రెండాటల పాసులూ అయిపోయాయి.

ఆ తర్వాత కూడా ఫోన్లు ఆగలేదు. చేసినవాళ్లలో చాలామంది పాసులు అడగలేదు. ఒకే ప్రశ్న అడిగారు. ఆఖర్న మగ్గం నిజంగా నేస్తారా?

అడగడానికి కారణం ఉంది. నాటకంలో ఒక ఇల్లు, ఆ ఇంట్లో నాలుగు మగ్గాలు. మూడు మూతపడ్డాయి. నాలుగో దాని మీద మంగతాయి అనే ఆవిడ చీర మొదలుపెట్టి ఉంది. దాన్ని కూడా తీసేద్దామని ఇంట్లోవాళ్లంతా అంటారు. ఆమె ఒప్పుకోదు. చివరి తొమ్మిది నిమిషాల్లో మాటలు లేవు. మంగతాయి మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి చీర పూర్తి చేస్తుంది. చప్పుడు ఆగుతుంది. లైట్లు ఆరిపోతాయి.

నాటకం రాసి ఆడించింది పెడన నేతపనివాడు వెంకటప్పయ్య. ముప్పై ఒక్క ఆటలు పడ్డాయి. పరిషత్తుల్లో బహుమతులు వచ్చాయి, పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. మంగతాయి వేషం వేసిన చౌడేశ్వరమ్మదీ పెడనే, ఆమెదీ నేతపనే. ముప్పై ఒక్కసార్లూ తన సొంత మగ్గాన్ని స్టేజీ మీద బిగించుకుని నిజంగానే నేసింది. చూసినవాళ్లకి గుర్తున్నది ఆ చప్పుడు. వెంకటప్పయ్య పోయి మూడేళ్లయింది. చౌడేశ్వరమ్మకి అరవై ఏడు. ఆమె మోకాళ్లు గుంటలోకి దిగనివ్వవు.

ఈసారి ఆడిస్తున్నది విశ్వేశ్వర్. పాలిటెక్నిక్‌లో సివిల్ లెక్చరరు. నాటకం ఆలస్యంగా మొదలుపెట్టడం ప్రేక్షకుణ్ని అవమానించడమేనని ఆయన ముప్పై ఏళ్లుగా చెబుతున్నాడు. జ్యోతి వెలిగించడాలు, శాలువాలు, అధ్యక్షోపన్యాసాలు లేకుండా ఆడిస్తానని ఈసారి ముందే ప్రకటించాడు. హాలుకి తేదీ అడగడానికి వెళ్లినప్పుడు మిగతా ఆదివారాలన్నీ మూడు నెలల దాకా నిండి ఉన్నాయి. ఆ ఒక్క ఆదివారమే ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో ఆయన అడగలేదు. అదృష్టం అనుకుని సంతకం పెట్టి వచ్చాడు.

మంగతాయి వేషం సంయుక్తకి ఇచ్చాడు.

సంయుక్త ఇబ్రహీంపట్నంలో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెబుతుంది. వయసు ముప్పై నాలుగు. పన్నెండేళ్లుగా విశ్వేశ్వర్ దగ్గర నాటకాలు వేస్తోంది. నర్సు, పక్కింటావిడ, వదినగారు, మేజిస్ట్రేటు, రెండుసార్లు శవం. ప్రధాన పాత్ర ఇదే మొదటిది.

“మగ్గం గురించి మీరు కంగారు పడకండి,” అన్నాడు విశ్వేశ్వర్ మొదటి రోజు. “పెడనలో చప్పుడు రికార్డు చేయించాం. మీరు చేతులు ఆడించండి చాలు. ఫిలిప్ ట్రాక్ వేస్తాడు.”

ఫిలిప్ కొండపల్లి మనిషి. సౌండు, లైట్లు అతనే చూస్తాడు.

“పెడన నుంచి నలభై మంది వస్తున్నారు కదండీ,” అంది సంయుక్త. “వాళ్లకి తెలియదా?”

“ఏం తెలుస్తుంది?”

“నేను పిల్లలకి చాక్‌పీసుతో బోర్డు మీద రాస్తున్నట్టు చేయి ఆడిస్తే వాళ్లకి తెలుస్తుందా, తెలియదా?”

విశ్వేశ్వర్ చేతిలో స్క్రిప్టు మూశాడు.

“పది వారాలు ఉంది. నేర్చుకుంటాను. తొమ్మిది నిమిషాలు పోగు తెగకుండా నేయగలిగానని చౌడేశ్వరమ్మ గారు అంటేనే నిజం మగ్గం. అనకపోతే మీ ట్రాక్.”

“మీరు తర్వాత మాట మార్చరు కదా?”

“మీరు మార్చకపోతే చాలు.”

ఆ వారం నుంచి ప్రతి ఆదివారం ఆమె పొద్దున్నే బస్సెక్కింది. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుకుని పెడన చేరేసరికి తొమ్మిదయ్యేది. మొదటి ఆదివారం చౌడేశ్వరమ్మ ఆమెను మగ్గం దగ్గరికి రానివ్వలేదు. గుమ్మంలో పీట వేసి, చేతిలో నూలు పెట్టింది.

“ముందు అతుకు నేర్చుకో. పోగు తెగితే అతకడం రానివాళ్లు నేయడానికి వీల్లేదు.”

“ఎన్నాళ్లండీ పిన్నిగారూ?”

“నీ వేళ్లు చెబుతాయి.”

వేలి కొనకి బూడిద అద్దుకోవాలి. తెగిన రెండు కొసల మధ్య ముక్క పోగు కలిపి మెలిపెట్టాలి. ముడి ఉబ్బెత్తుగా ఉంటే, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చు దగ్గర తట్టుకుని మళ్లీ తెగుతుంది. మొదటి రోజు సంయుక్తకి ఒక్కో అతుక్కి రెండు నిమిషాలు పట్టింది. పదింటిలో ఏడు ఊడిపోయాయి. మూడు వారాలు ఆ పీట మీదే గడిచాయి. బస్సులో కూడా ముందు సీటు కడ్డీకి దారం కట్టి అతికేది. ఒకసారి కంకిపాడులో ఎక్కిన ఆవిడ పక్కన కూర్చుని చాలాసేపు చూసింది.

“ఏవన్నా మొక్కా అమ్మా?”

“కాదండీ. నాటకం.”

“నాటకంలో దారాలు కడతారా?”

“ఇందులో కడతారండీ.”

“మంగతాయిది కాదు కదా?” అంది ఆవిడ. అప్పట్లో ఉయ్యూరులో చూసిందట. “ఆవిడ నేస్తుంటే మా అత్తగారు ఏడ్చింది. ఇంట్లో ఎవరు పోయినా ఏడవని మనిషి. నువ్వు నేస్తావా ఇప్పుడు?”

“నేస్తానండీ.”

“చూద్దాం,” అంది ఆవిడ. పామర్రులో దిగిపోయింది.

నాలుగో వారం గుంటలోకి దిగనిచ్చింది చౌడేశ్వరమ్మ. కాళ్ల కింద చెక్కలు, కుడి చేతిలో అడ్డపోగు మోసే నాడెకి కట్టిన తాడు, ఎడమ చేతిలో దువ్వెనలా పోగుల్ని బిగించే పలక. మూడూ ఒకే వరసలో ఆడాలి. సంయుక్తకి కాలు ముందు పడితే చేయి వెనకపడేది. అయిదో వారం నాడె ఎగిరి గోడకి తగిలింది. ఆరో వారం ఒక్క పూటలో పదకొండు పోగులు తెగాయి.

“లెక్కలు చెప్పే పంతులమ్మవి, లెక్క తప్పుతావేంటి?”

“ఫిజిక్స్ అండీ.”

“ఏదైతేనేం. ఒకటి, రెండు అనుకో. కాలు, నాడె, పలక అనుకోవద్దు. అనుకుంటే తప్పుతుంది.”

ఎనిమిదో ఆదివారం చౌడేశ్వరమ్మ గోడ గడియారం చూసి, తొమ్మిది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చుంది. చప్పుడు విన్నది. సంయుక్త ఆపాక కళ్లు తెరిచింది.

“ఆరో నిమిషంలో తొందరపడ్డావు,” అంది. “మిగతాది నేతే.”

ఆ మాట సంయుక్త ఫోను చేసి చెప్పింది. విశ్వేశ్వర్ మాట మార్చలేదు. స్టేజీని తవ్వడం కుదరదు కాబట్టి కొండపల్లిలో వడ్రంగుల చేత మూడడుగుల ఎత్తు వేదిక చేయించి, మధ్యలో గుంట పెట్టించాడు. చౌడేశ్వరమ్మ మగ్గాన్ని విప్పి గురువారం వ్యానులో పంపాలని, శుక్రవారం బిగించాలని అనుకున్నారు.

ఆట ఇంక వారం ఉందనగా సంయుక్త ఆహ్వాన పత్రికలు తీసుకుని పెడన వెళ్లింది. వీధిలో ఒకాయన పత్రిక తీసుకుని తేదీ చూశాడు.

“రోజు భలే పెట్టారమ్మా. ఆ రోజు మగ్గాలు ఆడవు. అందరం రావచ్చు.”

సంయుక్త సంతోషంగా లోపలికి వెళ్లి ఆ మాటే చౌడేశ్వరమ్మకి చెప్పింది. చౌడేశ్వరమ్మ పత్రిక దూరంగా పట్టుకుని చదివింది. తర్వాత ఒళ్లో పెట్టుకుంది.

“ఈ తేదీ ఎవరు పెట్టారమ్మాయ్?”

“విశ్వేశ్వర్ గారండీ.”

“ఆయన ఇంట్లో క్యాలెండరు లేదా?”

“ఫోన్లో ఉందండీ.”

“ఆ ఫోన్లో అమావాస్య కనపడదా?”

సంయుక్తకి అప్పటికీ అర్థం కాలేదు. చౌడేశ్వరమ్మ చెప్పింది. అమావాస్య రోజు వాళ్ల ఇళ్లలో నాడె ముట్టరు. మగ్గానికి దుమ్ము దులుపుతారు, తెగిన పోగులుంటే అతుక్కుంటారు, దీపం పెడతారు. నేయరు. ఆమె కాపురానికి వచ్చి నలభై తొమ్మిదేళ్లు. అమావాస్య ఉండగా ఒక్కసారి కూడా ఆ మగ్గం ఆడలేదు. వెంకటప్పయ్య ముప్పై ఒక్క ఆటలకీ పంచాంగం చూసే తేదీలు పెట్టాడు. చూస్తున్నట్టు కూడా ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పని వస్తుందని అనుకోలేదు.

సంయుక్త ఫోను స్పీకర్లో పెట్టింది.

“అమ్మా, ఇది నాటకం కదండీ,” అన్నాడు విశ్వేశ్వర్. “నిజం నేత కింద లెక్క కాదు.”

“నిజం నేత కాకపోతే ఈ పిల్ల ఇన్ని వారాలు మా ఇంటి చుట్టూ ఎందుకు తిరిగిందండీ?”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినపడింది.

“తేదీ మార్చలేం,” అన్నాడు. “మళ్లీ హాలు నాలుగు నెలల దాకా లేదు. మీవాళ్లు నలభై మంది వచ్చేది కూడా ఆ రోజు సెలవనే కదా. ట్రాక్ వేసేద్దాం. సంయుక్త గారూ, మీరేమీ అనుకోకండి. రెండో ఆటకి నిజంగా నేద్దురు గాని.”

“పెడన వాళ్లు మొదటి ఆటకి వస్తారండీ,” అంది సంయుక్త.

“మరేం చేద్దాం?”

సంయుక్త చౌడేశ్వరమ్మ వైపు తిరిగింది. “పిన్నిగారూ, అమావాస్య ఎన్నింటి దాకా ఉంది?”

చౌడేశ్వరమ్మ ఆమెను ఒకసారి చూసి, కళ్లజోడు పెట్టుకుని, అలమర మీంచి పంచాంగం తీసింది. వేలు పెట్టి వెతికింది.

“రాత్రి ఎనిమిదీ ఆరు.”

“నా ఫోన్లో ఏడూ నలభై నాలుగు అని ఉంది,” అన్నాడు విశ్వేశ్వర్ అవతలి నుంచి.

“మగ్గం ఎవరిదండీ?”

“మీదే.”

“అయితే పంచాంగం కూడా నాదే. మా మామగారికి పెళ్లిచీరలు తొందరైతే ఇది పక్కన పెట్టుకుని గుంటలో కూర్చునేవాడు. పాడ్యమి వచ్చిందంటే నాడె అందుకునేవాడు. నిమిషం ముందు అందుకున్నది నేను చూడలేదు. ఎనిమిదీ ఆరు దాటాక అయితే నాకు అభ్యంతరం లేదు.”

మగ్గం ఘట్టం నాటకం మొదలైన డెబ్బై ఎనిమిదో నిమిషంలో వస్తుంది. ఆరున్నరకి తెర తీస్తే ఏడూ నలభై ఎనిమిది. పద్దెనిమిది నిమిషాలు తక్కువ.

“ఆలస్యంగా మొదలుపెడదామండీ,” అంది సంయుక్త.

“సరిగ్గా అని గీత గీశాను నేను,” అన్నాడు విశ్వేశ్వర్. ఫోను పెట్టేశాడు.

సోమవారం సాయంత్రం రిహార్సల్‌కి కళాసమితి అధ్యక్షుడు సుబ్బారావు వచ్చాడు. రిటైరైన తహసీల్దారు. మొదటిసారి ఈ నాటకాన్ని విజయవాడకి పిలిచింది ఆయనే. ఈసారి ఉపన్యాసాలు లేవన్నప్పటి నుంచి విశ్వేశ్వర్‌తో సరిగా మాట్లాడటం లేదు. విషయం విని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“ఆరున్నరకి కార్యక్రమం మొదలవుతుంది. నేను ఇరవై నిమిషాలు మాట్లాడతాను. మీ గీత చెక్కుచెదరదు.”

“మీరు ఇరవై నిమిషాలకి ఆపుతారా ప్రెసిడెంటు గారూ?” అన్నాడు ఫిలిప్.

“ఏమయ్యా, నేనెప్పుడైనా ఎక్కువ మాట్లాడానా?”

“పోయిన ఉగాదికి నేను మధ్యలో భోంచేసి వచ్చానండీ.”

విశ్వేశ్వర్ నవ్వలేదు. స్టేజీ మీద చాక్‌పీసుతో గీసిన మగ్గం జాగాలో సంయుక్త కాళ్లు ఆడిస్తోంది. ఆయన కాసేపు అటే చూశాడు.

“ఇరవై నిమిషాలు,” అన్నాడు. “ఆరూ యాభైకి తెర తీస్తే మగ్గం ఘట్టం ఎనిమిదీ ఎనిమిదికి వస్తుంది. అప్పటికి పాడ్యమి వచ్చేస్తుంది కాబట్టి సరిపోతుంది. ఏదైనా తేడా వస్తే ట్రాక్. ఫిలిప్, సిద్ధంగా ఉంచు. ఖాళీ స్టేజీని మాత్రం నేను చూపించను.”

శుక్రవారం మగ్గం బిగించారు. చౌడేశ్వరమ్మ కుర్చీలో కూర్చుని బిగింపజేసింది. ఆటనాడు తను ఎక్కడుంటుందో కూడా అప్పుడే చెప్పింది. స్టేజీ పక్క రెక్కలో, గుంటలోంచి తల తిప్పితే కనపడే చోట.

“పాడ్యమి రాగానే నేను లేచి నిలబడతా. నా మోకాళ్లకి అదే పెద్ద పని. పొరపాటున లేచాననుకోవక్కర్లేదు. నేను లేచేదాకా నాడె జోలికి పోకు.”

“పోనండీ.”

ఆదివారం అయిదున్నరకే హాలు బయట వరస కట్టారు. పాసు లేనివాళ్లు కూడా వచ్చారు. పెడన బస్సు ఆరింటికి వచ్చింది. నలభై మంది కాదు, నలభై ఏడు మంది. ముందు రెండు వరసలు వాళ్లకి ఇచ్చారు. ఆరూ ఇరవైకి కుర్చీలు నిండాయి. ఆరున్నరకి హాల్లో లైట్లు తగ్గాయి. తెర ముందుకి సుబ్బారావు వచ్చాడు.

మొదటి రెండు నిమిషాలు విన్నారు. మూడో నిమిషంలో ఆయన కృష్ణా తీర నాటకరంగ చరిత్ర మొదలుపెట్టాడు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన అభినందన అనుకుని చేతులు జోడించాడు. నాలుగో నిమిషంలో చప్పట్లు బాల్కనీకి పాకాయి. “తెర తీయండి సార్,” అని ఎవరో అరిచారు. “పద్నాలుగేళ్లు ఆగాం, ఇంకెంతసేపండీ,” అన్నారు ఇంకెవరో. అయిదో నిమిషంలో హాలంతా వరసగా చప్పట్లు కొట్టింది. సుబ్బారావు మైకు దగ్గరే నిలబడి నోరు కదిపాడు. ఏమీ వినపడలేదు. ఆరో నిమిషంలో దిగిపోయాడు.

రెక్కలోకి వచ్చి, “నన్ను మాట్లాడనివ్వలేదయ్యా,” అన్నాడు. ఆయన చేతిలో కాగితాలు ఇంకా పదకొండు ఉన్నాయి.

ఆరూ ముప్పై ఏడుకి తెర తీశారు.

నాటకం నడిచింది. ప్రేక్షకులు నవ్వాల్సిన చోట నవ్వారు. మంగతాయి ఆడపడుచుతో తగువుపడే చోట పెడన వరసల్లో ఒకావిడ “బాగా అన్నావు” అంది పైకే. నటులకి ఆత్రం ఎక్కువై మూడు నిమిషాలు వేగంగా వెళ్లారు. ఇంట్లోవాళ్లంతా ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయే చోటుకి వచ్చేసరికి విశ్వేశ్వర్ వాచీలో ఏడూ యాభై రెండు.

సంయుక్త మగ్గం గుంటలోకి దిగింది. రెక్క వైపు తల తిప్పింది. చౌడేశ్వరమ్మ కూర్చునే ఉంది. ఒళ్లో పంచాంగం, చేతిలో ఫిలిప్ వాచీ.

పద్నాలుగు నిమిషాలు.

సంయుక్త చీరకొంగుతో మగ్గం మీద దుమ్ము తుడిచింది. నాడె వైపు చూసింది, ముట్టుకోలేదు. అరనిమిషం గడిచింది. హాల్లో ఎవరూ కదల్లేదు.

“యాభై మూడున్నరకి ట్రాక్ వెయ్,” అన్నాడు విశ్వేశ్వర్ హెడ్‌ఫోనులో.

ఫిలిప్ మీట మీద వేలు పెట్టాడు. సంయుక్త అటు చూసింది. ఫిలిప్ వేలు ఆమెకి కనపడదు. కానీ విశ్వేశ్వర్ ఎంతసేపు ఆగగలడో పన్నెండేళ్లుగా తెలుసు.

ఆమె ముందుకి వంగింది. అచ్చుకి అవతల, చేయి చాపితే అందే చోట నిలువుగా సాగిన పడుగు పోగుల్ని గుప్పెట్లోకి తీసుకుంది. వేళ్లకి చుట్టి లాగింది. పోగులు తెగిన చప్పుడు మూడో వరస దాకా వినపడింది.

పెడన వరసల్లో నలుగురైదుగురు సీట్లలోంచి సగం లేచారు. ఒక ముసలాయన “అయ్యో” అన్నాడు. చౌడేశ్వరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

సంయుక్త గుంట అంచున ఉన్న చిప్పలో బూడిద వేలికి అద్దుకుంది. మొదటి పోగు కొస వెతికి పట్టుకుంది. ముక్క పోగు కలిపింది. మెలిపెట్టింది. వదిలింది. రెండో పోగు తీసుకుంది.

“ట్రాక్ వెయ్,” అన్నాడు విశ్వేశ్వర్.

“ఆవిడ చేతిలో నాడె లేదు సార్,” అన్నాడు ఫిలిప్. “ఏం చప్పుడు వేయమంటారు?”

విశ్వేశ్వర్ హెడ్‌ఫోను తీసి మెడలో వేసుకున్నాడు.

ఒక్కో అతుక్కి నలభై సెకన్లు. అయిదో పోగు దగ్గర బాల్కనీలో ఎవరో దగ్గారు. ఎనిమిదో పోగు దగ్గర ఒక సెల్‌ఫోను మోగింది, వెంటనే ఆగింది. పదో పోగు అతికిన చోటే ఊడింది. సంయుక్త మళ్లీ బూడిద అద్దుకుని మళ్లీ అతికింది. ముందు వరసలో పెడన ఆవిడ చేతివేళ్లు ఒళ్లో వాటంతటవే మెలి తిరిగాయి. ఆమె పక్కనున్న మనిషి పెదాలతో లెక్కపెట్టాడు. పదకొండు. పన్నెండు.

హాలు చూస్తోంది. వెనక వరసల వాళ్లకి పోగులు కనపడవు. చేతులు కనపడతాయి. కొందరు లేచి నిలబడి చూశారు. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆరున్నరకి ఆరు నిమిషాలు ఆగలేని హాలు అది.

పందొమ్మిదో పోగు చేతిలో ఉండగా రెక్కలో కుర్చీ కిర్రుమంది.

చౌడేశ్వరమ్మ లేచింది. ముందు కుడి చేయి కుర్చీ మీద ఆనించింది, తర్వాత ఎడమ చేయి సుబ్బారావు భుజం మీద వేసింది. నిలబడింది. ఎనిమిదీ ఆరు.

సంయుక్త చూసింది. నాడె అందుకోలేదు. ఇంకా నాలుగు పోగులు తెగే ఉన్నాయి.

“ఇక నేయొచ్చు కదా, నేయదేం?” అన్నాడు సుబ్బారావు గొంతు తగ్గించి.

“తెగిన పోగులు పెట్టుకుని నేస్తే అది చీరవదండీ,” అంది చౌడేశ్వరమ్మ. “నేర్పింది నేనే. మాట్లాడకండి.”

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు. ఇరవై మూడు. సంయుక్త చేతిని పడుగు మీద ఒక చివర నుంచి రెండో చివర దాకా రాసి చూసింది. వదులు లేదు. నాడె తీసుకుంది. కాలు చెక్క మీద పెట్టింది. ఎనిమిదీ తొమ్మిది.

మొదటి చప్పుడుకి ముందు వరసలో ముసలాయన వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.

తొమ్మిది నిమిషాలు మగ్గం ఆడింది. ఆరో నిమిషంలో తొందరపడలేదు. ఒక్క పోగూ తెగలేదు. ఇరవై మూడు అతుకులూ నిలబడ్డాయి. చౌడేశ్వరమ్మ ఆ తొమ్మిది నిమిషాలూ కూర్చోలేదు. సుబ్బారావు భుజం కదపలేదు. ఎనిమిదీ పద్దెనిమిదికి చప్పుడు ఆగింది. ఫిలిప్ లైట్లు ఆర్పాడు. ట్రాక్ మీట ఆ రాత్రి నొక్కనే లేదు.

చప్పట్లు ఎంతసేపు మోగాయో విశ్వేశ్వర్ వాచీ చూడలేదు. తెర పడ్డాక స్టేజీ మీదికి వచ్చాడు. సంయుక్త ఇంకా గుంటలోనే ఉంది. చూపుడు వేలి చర్మం చీరుకుపోయి ఉంది. బూడిద అద్దుకుంటోంది.

“పోగులు తెంపే సీను ఉంచేద్దామండీ,” అన్నాడు ఆయన. “రేపు కూడా. వెంకటప్పయ్య గారు ఉంటే ఒప్పుకునేవారు.”

“రేపు అమావాస్య కాదు కదండీ.”

“అయితే మాత్రం? జనం ఊపిరి పీల్చలేదు. మీరు చూడలేదు.”

“రేపు ఆరున్నరకే మొదలుపెట్టుకోండి సార్,” అంది సంయుక్త. “ప్రెసిడెంటు గారి ఉపన్యాసం కూడా అక్కర్లేదు.”

సుబ్బారావు ఆ మాట విన్నాడు. మిగిలిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “భుజం మాత్రం కావాల్సి వచ్చింది కదమ్మా,” అన్నాడు.

ఈలోగా చౌడేశ్వరమ్మ ఫిలిప్ ఫోను తీసుకుని, దాని లైటు వేయించి, అచ్చుకి అవతల, ఇంకా నేయని పడుగు మీద వంగింది. మునివేళ్లతో తడిమి అతుకులు వెతికింది. ఒక చోట వేలు ఆగింది.

“ఇది పదోదా?”

“అవునండీ. అది ఒకసారి ఊడింది.”

“ఉబ్బెత్తుగా ఉంది. రేపటి ఆటలో అచ్చుకి తగులుతుంది.” లైటు అక్కడే పట్టుకుని నిలబడింది. “ఇప్పుడే తీసి అతుకు. నేను చూస్తా.”

సంయుక్త మళ్లీ వంగి ఆ పోగు తెంపింది.